చేతులెత్తే సభ: ‘గరాజ్’ చిత్రంలో స్తబ్ధయుగపు అవినీతి

లియొనీద్ బ్రెజ్నెవ్ పాలనాకాలానికి (1964–1982) రష్యన్‌లో ‘జస్తోయ్’ అనే పేరు స్థిరపడింది. కదలిక లేక నిలిచిపోవడం అని దాని అర్థం. తెలుగులో ‘స్తబ్ధత’ అనవచ్చు. ఈ మాట ప్రచారంలోకి వచ్చింది గొర్బచోవ్ కాలంలో, అంటే ఆ యుగం ముగిశాక. ఉజ్బెకిస్తాన్ పత్తి కుంభకోణం, అందులో బ్రెజ్నెవ్ అల్లుడు చుర్బానవ్‌కు 1988లో పడిన జైలుశిక్ష కూడా ఆ తరువాతి సంగతులే. అందువల్ల నాటి అవినీతి అనగానే పెద్ద పదవులు, పెద్ద మొత్తాలు చర్చకు వస్తాయి. ఎల్దార్ ర్యజానవ్ 1979లో, ఆ యుగం నడుస్తుండగానే తీసిన ‘గరాజ్’ చిత్రంలో ఇవేవీ లేవు. ఒక సంస్థ ఉద్యోగులు కారు షెడ్ల కోసం జరుపుకున్న సభ ఒక్కటే దాని కథావస్తువు.

ర్యజానవ్, ఎమీల్ బ్రగీన్‌స్కీ కలిసి రాసిన ఈ కథలో ఆ సంస్థ పేరే వ్యంగ్యం: పర్యావరణం నుండి జంతువులను రక్షించే పరిశోధనా సంస్థ. ఉద్యోగులు సహకార పద్ధతిలో గ్యారేజీలు కట్టుకుంటున్నారు. ఆ స్థలం మీదుగా రహదారి వస్తుండటంతో నలుగురిని తొలగించవలసి వచ్చింది. ఎవరిని తొలగించాలో కార్యవర్గం ముందే నిర్ణయించింది. సభ్యులు చేతులెత్తి ఆమోదించడమే మిగిలింది. తొలగింపు జాబితాలో అండలేనివారే ఉన్నారు. సంతకు డైరెక్టరైన స్త్రీ, ఒక పెద్దమనిషి కొడుకు మాత్రం భద్రంగా ఉన్నారు. వారిద్దరికీ ఆ సంస్థతో సంబంధమే లేదు.

ఇక్కడ లంచం చేతులు మారిన దృశ్యం ఒక్కటీ కనిపించదు. రష్యన్లు ‘బ్లాత్’ అనే వ్యవహారం ఇదే. మన ‘పైరవీ’ దీనికి దగ్గరి మాటే గాని సరిగ్గా సమానం కాదు. పైరవీలో అడిగేవాడు కింద, చేసిపెట్టేవాడు పైన ఉంటారు. బ్లాత్ ఇచ్చిపుచ్చుకునే పరిచయం. దొరకని సరుకు ఎవరి అధీనంలో ఉంటే వారు అవతలివారికి అవసరమైన మనిషి అవుతారు. సంత డైరెక్టరుకు శాస్త్రవేత్తల మధ్య గౌరవస్థానం దక్కడానికి కారణం ఇదే. కొరత ఉన్నంతకాలం ఆమె స్థానానికి ఢోకా లేదు. ఎవరినీ దుర్మార్గులుగా చిత్రించకుండానే ఈ అల్లికను చూపించడం చిత్రానికి ఉన్న పెద్ద బలం.

చివరి సోవియట్ తరంపై అలెక్సేయ్ యుర్చాక్ రాసిన గ్రంథం ఇక్కడ ఉపకరిస్తుంది. సభలో చెయ్యెత్తడం నాటికి అభిప్రాయ ప్రకటనగా మిగలలేదనీ, అది సభ్యత్వాన్ని నిలుపుకునే క్రియగా మారిందనీ, ఆ తంతు మాటున మనుషులు తమ వేరే జీవితాలను నిర్మించుకున్నారనీ ఆయన వాదన. ‘గరాజ్’ ఈ వాదనకు ఉదాహరణగానూ పనికివస్తుంది, దాని పరిమితినీ చూపుతుంది. ఖాళీ తంతు ఎవరినీ బాధించదని యుర్చాక్ అనలేదు. కాని ఆయన దృష్టి ఆ తంతు కల్పించిన వెసులుబాటు మీదనే ఎక్కువగా నిలిచింది. ఊళ్లో ఇల్లమ్మి కారు కొన్న ఫెతీసవ్‌కు ఎత్తిన ప్రతి చెయ్యీ అక్షరాలా నష్టమే. జాబితాకెక్కిన ఖ్వస్తోవ్‌కు గొంతు పోయింది; తన పక్షాన మాట్లాడనే లేడు. ఈ సంకేతం కాస్త బాహాటమైనదే అయినా నటుడు మిగ్‌కోవ్ దానికి ప్రాణం పోశాడు.

సభను తంతు స్థితి నుండి తప్పించింది మలాయెవా. ఆమె పేరు జాబితాలో లేదు. అయినా తలుపుకు తాళం వేసి తాళంచెవి దాచింది. ఆ రాత్రంతా మ్యూజియంలోని జంతుకళేబరాల మధ్య సభ్యులు నిజంగా వాదించుకోవలసి వచ్చింది. స్వేచ్ఛగా చర్చ జరగడానికి మనుషులను బంధించవలసి రావడం ఈ చిత్రంలోని అత్యంత కఠినమైన పరిశీలన. హాస్యం మాటున అది తేలిగ్గా జారిపోతుంది.

ఈ చిత్రాన్ని కేవలం సాహసోపేత వ్యంగ్యంగా మెచ్చుకోవడం చాలదు. బాధితులు ప్రశ్నించింది జాబితాలో తమ పేరు ఉండటాన్ని. రహదారిని ఎవరు నిర్ణయించారు, నష్టం వీరే ఎందుకు భరించాలి అన్న ప్రశ్న సభలో వివాదాంశం కానే లేదు. పై నుండి వచ్చిన నిర్ణయాన్ని వానలాగా, చలిలాగా స్వీకరించారు. సెన్సారు వ్యవస్థలో పనిచేసే దర్శకుడికి ఇది అనివార్యమైన హద్దు అని సమర్థించవచ్చు. నా దృష్టిలో మాత్రం అది హద్దుగానే ఆగక, స్తబ్ధతకు నమ్మకమైన సాక్ష్యంగా మారింది. అవినీతిపరుల మీద కోపం ఉంది. అవినీతికి వీలు కల్పించే ఏర్పాటు గురించి ఊహ కూడా లేదు.

తెల్లవారేసరికి అండతో చేరినవారిని తొలగించారు. మిగిలిన పేరు కోసం చీటీలు వేశారు. నష్టపు చీటీ, రాత్రంతా నీటిగుర్రం బొమ్మకు ఆనుకుని నిద్రపోయిన కీటకశాస్త్ర విభాగాధిపతికి దక్కింది. ఆ పాత్రను ర్యజానవ్ తానే పోషించాడు.