సగం చూసిన సినిమా

మా ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థులు ఆ మధ్య ఒక సంచిక వేశారు. అందులో మా అన్నయ్య మా ఊరి పాత సినిమా హాలు గురించి నాలుగు పేజీల వ్యాసం రాశాడు. బాగానే రాశాడు. నేల టికెట్టు కోసం తోపులాట, రిక్షా మీద మైకు పెట్టి పంచిన రంగు కాయితాలు, తెర లేచే ముందు ఘంటసాల గొంతులో వెంకటేశ్వరస్వామి పాట, ఇంటర్వెల్లో గోలీసోడా, ఆపరేటరు దయతలచి ఇచ్చిన ఫిల్మ్ ముక్కలు. అమ్మకి చిన్న అక్షరాలు ఆనడం లేదు కనుక నేనే చదివి వినిపించాను. అంతా విని, "అన్నీ ఉన్నాయి గానీ, ఇందులో మేమెక్కడే?" అంది.

నేను మళ్ళీ వెతికాను. ఒక్కచోట ఉన్నారు. "మహిళలు బండ్లు కట్టించుకుని తండోపతండాలుగా వచ్చేవారు" అనే వాక్యంలో. 1963లో 'లవకుశ' వచ్చినప్పటి సంగతి అది. అప్పటికి అన్నయ్య పుట్టనే లేదు.

అన్నయ్యని తప్పుపట్టాలని కాదు. పాత సినిమా హాలు గురించి ఎవరు రాసినా ఇలాగే రాస్తున్నారు. అక్షరంలోనే కాదు, తెరమీదా అంతే. చిన్న ఊరి సినిమా హాలు అనగానే ప్రపంచమంతా తలుచుకునే సినిమా 'సినిమా పారడీసో'. 1988లో ఇటలీలో జుసెప్పె టోర్నటోరె తీశాడు. ఊళ్ళో ప్రొజెక్టరు ఆడించే ఆల్ఫ్రెడో, అతని వెంట తిరిగే తండ్రిలేని పిల్లవాడు టోటో. నేను మొదటిసారి చూసినప్పుడు అందరిలాగే ఏడ్చాను. రెండోసారి చూస్తున్నప్పుడు మాత్రం నా దృష్టి టోటో తల్లి మీద నిలిచిపోయింది. మొగుణ్ణి యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి. పాలకని పిల్లాడి చేతిలో పెట్టిన డబ్బు సినిమాకి పోతుంది. ఆవిడ వాణ్ణి నడివీధిలో కొడుతుంది. సినిమా మనల్ని పిల్లాడి పక్షాన నిలబెడుతుంది. ఆ పాలు ఎవరికోసం, లేకపోతే ఆ పూట ఇంట్లో ఏమవుతుంది అన్న ప్రశ్న హాలు బయటే ఆగిపోతుంది.

మన దేశంలోనే పాన్ నలిన్ తీసిన గుజరాతీ సినిమా 'ఛెల్లో షో' (2021) చూడండి. ఇందులో పిల్లవాడి దగ్గర డబ్బులుండవు. అమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా ఆపరేటరుకిచ్చి, క్యాబిన్లో కూర్చుని సినిమాలు చూస్తాడు. ఆ తల్లి వంట చేస్తుంటే కెమెరా ఎంత ప్రేమగా చూపిస్తుందో! కూరల రంగులూ, ఆవిరీ, చేతి కదలికా. నిజానికి ఆ టికెట్టు కొంటున్నది ఆవిడ. ఆ సంగతి ఆవిడకే తెలీదు. ఆవిడ వండితేనే కొడుకు సినిమా చూస్తాడు. ఆవిడ మాత్రం పొయ్యి దగ్గరే ఉంటుంది. చివర్లో పాత ప్రొజెక్టర్లు కరిగి చెంచాలవుతాయి, రీళ్ళు కరిగి గాజులవుతాయి. రైల్లో ఆడవాళ్ళ చేతులకున్న ఆ గాజుల్ని చూసి పిల్లవాడు దర్శకుల పేర్లు తలుచుకుంటాడు. అందమైన ఊహే, కాదనను. కానీ ఆ చేతులున్న ఆడవాళ్ళు ఏ సినిమాలు చూశారో ఎవరూ అడగరు.

రెండు సినిమాలూ ప్రొజెక్టరు క్యాబిన్లోంచి హాలుని చూస్తాయి. మా ఊళ్ళో కూడా క్యాబిన్ మగపిల్లల స్వర్గమే. రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగు, ఒక మిషన్ మీద రీలు అయిపోతుండగా రెండోది అందుకోవడం అన్నయ్య ఇప్పటికీ చేతులు తిప్పుతూ చెప్తాడు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలే ఆడుతుందని నాకు చెప్పింది వాడే. ఇంట్లో బూతద్దమూ అద్దం ముక్కా పెట్టి, తెచ్చిన ఫిల్మ్ ముక్కల్ని నాన్న పంచె మీద వేసి చూపించేవాడు. పంచె కదలకుండా పట్టుకోవడం నా పని. వెనక నిలబడి పట్టుకోవాలి గనక నాకు బొమ్మలు తిరగబడి కనిపించేవి.

హాలు చరిత్ర పెద్దదేం కాదు. బెజవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతి హాలు కట్టారు. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమాకి మాటలొచ్చాయి. ఆ తర్వాత డెల్టా ఊళ్ళల్లో ముందు డేరాలూ, వాటి వెనక రేకుల షెడ్లూ లేచాయి. మా ఊళ్ళో హాలు కట్టింది ధాన్యం మిల్లు యజమాని. మిల్లులాగే ఉండేది కూడా. నేల, బెంచి, కుర్చీ. నేలనీ బెంచినీ నిలువునా చీలుస్తూ, నడుం ఎత్తున ఒక గోడ. గోడకి ఎడమవైపు ఆడవాళ్ళు. వాళ్ళకి వేరే గుమ్మం, వేరే బుకింగు. అన్నయ్య వ్యాసంలో లేనిది ఆ గోడే.

తమిళ సినిమా గురించి 1981లో రాస్తూ కార్తిగేసు శివతంబి ఒక మంచి మాట చెప్పారు. అన్ని కులాలవాళ్ళూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేననీ, అక్కడ చోటు నిర్ణయించింది కులం కాదు, టికెట్టు కొనే శక్తేననీ ఆయన వాదన. మన హాళ్ళ గురించి రాసేవాళ్ళకీ ఈ మాట బాగా పనికొచ్చింది. కానీ కొనే శక్తి ఎవరిది? మా అమ్మ పాలకేంద్రంలో పాలుపోసిన డబ్బులో కొంత పోపులడబ్బాలో దాచి, ఆ డబ్బుతో సినిమాకి వెళ్ళేది. అది కొనే శక్తి అంటామా, దొంగతనం అంటామా? ఆవిడ మాత్రం దొంగతనంగానే చెప్తుంది, నవ్వుతూ.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాట్లకీ కోతలకీ వెళ్ళే వాడల ఆడవాళ్ళు కూలిడబ్బులు చేతికి రాగానే మొదటి ఆటకి వచ్చేవాళ్ళట. "వాళ్ళకి ఎవర్నీ అడగాల్సిన పన్లేదు, మాకేం, మా బతుకే జైలు" అంటుంది అమ్మ. ఆ మాట నాకు చాలా ఏళ్ళు నచ్చింది. తర్వాత అడిగాను, నువ్వెప్పుడైనా వాళ్ళ పక్కన నేలమీద కూర్చున్నావా అని. కూర్చోలేదు. ఆ పక్కన కూర్చోకుండా ఉండటానికే బెంచి టికెట్టు కొనేది. వాళ్ళ కూలిడబ్బు ఇంటికెళ్ళాక ఎవరి చేతిలోకి పోయేదో కూడా అమ్మకి తెలీదు. ఆడవాళ్ళవైపు అన్న ఆ ఒక్క పేరు కింద ఇన్ని గోడలున్నాయి. శివతంబి అన్నట్టు కప్పు మాత్రం ఒకటే.

అయినా ఆ నడుమెత్తు గోడని నేను తేలిగ్గా తిట్టలేను. చీకట్లో వెనకనుంచి వచ్చే చేతులకి జవాబుగా పిన్నీసు పెట్టుకెళ్ళే అవసరం గోడ ఉన్నన్నాళ్ళూ తక్కువే. గోడ ఉంది కాబట్టే మొగుడు తోడు లేకుండా నలుగురు ఆడవాళ్ళు కలిసి మ్యాట్నీకి వెళ్ళడం సాధ్యమైంది. పిల్ల ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడేవారు. 1980ల చివర్లో హాలుని బాగుచేసి గోడ తీసేశారు. అందరూ ఎంతో ఆధునికం అన్నారు. ఆ తర్వాత అమ్మ, పక్కింటి పిన్ని, వాళ్ళ తోడికోడలు కలిసి సినిమాకెళ్ళింది లేదు. వెళితే కుటుంబంతోనే. ఏ సినిమాకో, ఏ రోజో నాన్న ఇష్టం. 1995లో తెలుగు ప్రైవేటు చానళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నాలు ఇంట్లోనే గడిచిపోయాయి. టీవీ వచ్చి ఆడవాళ్ళని హాళ్ళకి దూరం చేసిందని విమర్శకులు రాస్తారు. మా ఊళ్ళో టీవీ కంటే ముందే దూరమయ్యారని నా అనుమానం.

బ్రిటన్‌లో జాకీ స్టేసీ స్త్రీల పత్రికల ద్వారా 1940లు, 50ల నాటి ప్రేక్షకురాళ్ళ ఉత్తరాలు సేకరించి, 1994లో పుస్తకం తెచ్చింది. మనకి అలాంటిది ఒకటి కావాలి. అయితే మన ఉత్తరాల్లో ఏముంటుంది? మా అమ్మ రాస్తే సినిమాల పేర్లకంటే టైములే ఎక్కువుంటాయి. రెండున్నరకి మ్యాట్నీ, అయిదింటికి నాన్న ఇంటికొస్తాడు, ఇంటికి నడిస్తే పావుగంట. అంటే ప్రతి సినిమా నాలుగున్నరకల్లా అయిపోవాలి. ఏ సినిమా అలా అవ్వదు. అందుకే అమ్మ ఆ రోజుల్లో దొంగతనంగా చూసిన ఏ సినిమాకీ చివర చూడలేదు. ప్రేక్షకురాలి గురించిన సిద్ధాంతాలు నేను కొన్ని చదివాను. అన్నిట్లోనూ ఆవిడ శుభం దాకా కూర్చునే ఉంటుంది.

1975లో 'ముత్యాల ముగ్గు' వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ నన్నూ తీసుకెళ్ళింది. భార్యని అనుమానించి ఇంట్లోంచి పంపించేసేదాకా చూశాం. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇంకాస్త చూసి లేచాం. గట్టుమీద దాదాపు పరిగెత్తుతూ వచ్చాం. ఆ రాత్రి అన్నాలు తింటూ నేను రావుగోపాలరావులా గొంతు సాగదీసి మాట్లాడాను. అన్నయ్య పడీపడీ నవ్వాడు. నాన్న నవ్వలేదు. "ఎప్పుడు చూశావే?" అని నన్నడిగాడు. నేను చెప్పేశాను.

కొట్టలేదు, తిట్టలేదు. పాలకేంద్రం లెక్క ఆ నెలనుంచి నాన్నే చూడటం మొదలుపెట్టాడు. అంతే. మళ్ళీ ఆరేడేళ్ళు అమ్మ హాలుకి వెళ్ళలేదు. అన్నయ్య వ్యాసంలో ఆ ఆరేడేళ్ళూ హాలుకి స్వర్ణయుగం.

'సినిమా పారడీసో' గురించి ఆలస్యంగా తెలిసిన సంగతొకటి ఇక్కడ చెప్పాలి. దేశదేశాల్లో ఆడి, ఆస్కార్ గెల్చుకుంది రెండు గంటల నాలుగు నిమిషాల సినిమా. అందులో టోటో ప్రేమించిన ఎలెనా ఏ కారణం లేకుండా మాయమైపోతుంది. నిడివి ఎక్కువున్న అసలు సినిమాలో కారణముంది. ఎలెనా వచ్చింది. ఆమెని వెనక్కి పంపేసింది ఆల్ఫ్రెడోనే, కుర్రాడు పెద్దవాడవ్వాలని. ఆమె రాసిపెట్టిన చీటీ ముప్పై ఏళ్ళు ఆ క్యాబిన్ గోడకే ఉండిపోయింది. ముద్దులన్నీ కత్తిరించిన పాదరీని చూసి మనం నవ్వుకున్నాం. ఎలెనా చీటీ కత్తిరించిన సంగతి మనలో చాలామందికి తెలియనే తెలియదు. మనం చూసిందీ సగం సినిమానే.

మా హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. పోయిన ఏడాది బంధువుల పెళ్ళికి వెళ్తే, వడ్డన బల్లల దగ్గర అమ్మ ఆగి, చెప్పు తీసి కాలితో తడిమింది. గచ్చులో గోడ ఆనవాలు గీతలా ఉంది. ఇంటికొచ్చాక అడిగాను, 'ముత్యాల ముగ్గు' మిగతా సగం చూస్తావా అని. రాత్రి ఇద్దరం కూర్చున్నాం. మేం లేచొచ్చిన చోటు రాగానే, "ఇక్కడే" అంది. తర్వాత చివరిదాకా మాట్లాడలేదు. అపార్థాలు తొలగి అందరూ కలిశారు.

"నీకు ముందే తెలుసుగా, కలుస్తారని?" అన్నాను.

"అందరూ చెప్పారు. చెప్తే ఏం, నేను చూళ్ళేదుగా. ఆ పిల్ల మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ" అంది. పాలు తోడెయ్యాలని లేచింది.