తాళం కన్నా ముందు జాబితా

పాత జమీందారీ ఇంటిని నిలబెట్టుకోవాలంటే మనకు మొదట తోచేది కప్పు మరమ్మతు, గోడలకు సున్నం, గదులకు తాళం. వీటన్నిటి కన్నా ముందు కావలసింది లోపలి వస్తువుల జాబితా. ఇందుకు పల్నాడు జిల్లాలోని అమరావతే సాక్ష్యం. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790లలో చింతపల్లి వదిలి ఇక్కడ ఊరు కట్టిస్తున్నప్పుడు ఇటుకల కోసం, రాళ్ల కోసం పాత బౌద్ధస్తూపం ఉన్న దీపాలదిన్నెను తవ్వారు. 1797లో అక్కడి శిల్పాలను చూసిన కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ 1816లో చిత్రకారులతో తిరిగొచ్చేసరికి చాలా రాళ్లు మాయమయ్యాయి, దిన్నె నడుమ చెరువు తేలింది. మిగిలినవాటిని ఆ బృందం కొలిచి, బొమ్మలు గీసింది. ఆ తర్వాత పోయిన పలకలు కొన్ని ఇవాళ ఆ కాగితాల మీదే ఉన్నాయి. రాయి పోయినా దాని లెక్క మిగిలింది. నాయుడు కూడా 1816లోనే కన్నుమూశారు. ఆయన దత్తపుత్రుల వారసత్వ దావా ప్రీవీ కౌన్సిల్ దాకా నడిచింది. భూముల మీద హక్కులు తేల్చడానికి కోర్టులున్నాయి. జాబితా లేకపోతే ఇంట్లోని బొమ్మకూ భోషాణానికీ ఆ దిక్కు కూడా ఉండదు.

వారసత్వ తగాదాల్లో వస్తువులు చెదిరిపోకుండా మరోదారి ఉందని హైదరాబాదు చూపింది. ఒకప్పుడు నిజాం ప్రధానిగా చేసిన మూడో సాలార్‌జంగ్ 1949లో సంతానం లేకుండా మరణిస్తే, ఆయన సేకరణ 1951లో దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా తెరుచుకుంది. 1958లో సేకరణను వదులుకోవడానికి వారసులు రాజీకొచ్చారు, 1961లో ఆ మ్యూజియం కోసం పార్లమెంటు చట్టం చేసింది.

జాబితా దొంగలకు దారి చూపుతుందని కొందరి భయం. కానీ ఫొటో, కొలతలు, పగులు గుర్తు లేని వస్తువు పోతే, దొరికాక కూడా అది మనదేనని రుజువు చేయలేం. జాబితాను గుట్టుగా దాచుకుని, ఒక ప్రతిని వేరే ఊళ్లో ఉంచితే సరిపోతుంది. సర్కారు పట్టుకుపోతుందన్నది ఇంకో భయం. 1972 పురావస్తు చట్టం కింద రిజిస్టరు చేయించినంత మాత్రాన సొంతదారు మారరు; ప్రభుత్వం తీసుకోదలిస్తే పరిహారం ఇవ్వాలనీ అదే చట్టం చెబుతోంది. పైగా ఆ రిజిస్ట్రేషను ప్రధానంగా శిల్పాలకు, చిత్రాలకు, బొమ్మలున్న రాతప్రతులకు. పందిరిమంచానికీ పడక్కుర్చీకీ ఇంటివాళ్లు రాసుకున్న లెక్కే దిక్కు. అవేమంత కళాఖండాలని అడగొచ్చు. విడివిడిగా చూస్తే కాకపోవచ్చు. ఏ గదిలో, ఏ గోడ పక్కన, ఎవరి వాడుకలో ఉండేవో తెలిస్తే అవి ఒక కాలపు బతుకును చెబుతాయి. ఆ సంగతి తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే రాసుకోవాలి. నరసరావుపేటలోనో గురజాలలోనో మీ ఇంట పాత సామాను ఉంటే, అమ్మకానికో పంపకానికో ముందు ఒక నోటు పుస్తకం తెరవండి.