రాణి - ఆరు - నాలుగు

పండక్కి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి గోవా మీదుగా కాకినాడ వచ్చాడు. ఏ మ్యాపులోనూ లేని దారి అది. భోగి నాడు వాడి చొక్కా ఇస్త్రీకి ఇస్తూ జేబులు తడిమితే, లామినేషన్ చేయించిన చిన్న కార్డొకటి దొరికింది. దాని మీద ఉన్నది ఒక్కటే వాక్యం: రాణి-ఆరు-నాలుగు, లేదా అంతకు మించితే ఆడు, లేకపోతే పడెయ్.

నాకు కోపం రావాలి. సంతోషం వేసింది. ఎందుకో ఈ కాలమ్ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. మన జిల్లాలో జూదానికి కొరత లేదు, లెక్కకే కరువు అని ఏటా ఈ రోజుల్లోనే రాస్తుంటాను. కోడిపందేల బరుల పక్కన టెంట్లు వేసి గుండాట ఆడిస్తారు. పద్ధతి ఊరికొకటి ఉంటుంది గానీ, ఆరు గళ్ల బోర్డు, డబ్బాలో మూడు పాచికలు, మన గడి ఒకసారి పడితే ఒకటికి ఒకటి, రెండు పడితే రెండు, మూడూ పడితే మూడు ఇచ్చే చోటు సంగతి చూద్దాం. మూడు పాచికలు, ఆరు గళ్లు, అంటే సగానికి సగం మనదే అనుకుంటాడు ఆడేవాడు. కాదు. 216 రకాలుగా పడే పాచికల్లో మన గడి కనిపించేది 91 సార్లు. జంటలకీ మూడింటికీ ఇచ్చే అదనపు డబ్బు కూడా కలిపినా, 216 రూపాయలు కాస్తే సగటున 17 రూపాయలు బోర్డువాడి సంచిలో మిగులుతాయి. నూటికి 7.87. ఈ అంకెని ఎన్ని పండగలకి రాశానో నాకే విసుగు. ఉత్తరాల్లో మాత్రం కోడిపుంజు రంగుల గురించే అడుగుతారు.

అలాంటి నాకు సొంత మేనల్లుడి జేబులో లెక్క దొరికితే సంతోషం కాదా?

వాడాడింది త్రీ కార్డ్ పోకర్. డీలర్‌తో ఆట. మనతోపాటు బల్ల చుట్టూ ఎంతమంది కూర్చున్నా మనకి వాళ్లతో పని లేదు. ముందు ఒక పందెం కాస్తాం. మనకి మూడు ముక్కలు, డీలర్‌కి మూడు. మన ముక్కలు చూసుకుని, డ్రాప్ అయితే ఆ పందెం పోతుంది. ఆడదల్చుకుంటే అంతే మొత్తం ఇంకోటి పెట్టాలి. అప్పుడు డీలర్ తన ముక్కలు తెరుస్తాడు. కనీసం రాణి లేకపోతే డీలర్ ఆటలో లేనట్టే: మొదటి పందేనికి ఒకటికి ఒకటి ఇచ్చి రెండోది వెనక్కిచ్చేస్తాడు. పదిసార్లలో మూడుసార్లు అలా జరుగుతుంది. మనకి సీక్వెన్స్, మూడు ఒకే ముక్కలు లాంటివి పడితే చిన్న బోనస్ ఉంటుంది. ఆటంతా ఇంతే.

మనవాళ్ల మూడు ముక్కలాటకి ఇది దాయాది. ఒక్కచోట మాత్రం మనకంటే వీళ్ల లెక్క సరైనది. 52 ముక్కల్లోంచి మూడు తీసే పద్ధతులు 22,100. అందులో మూడు ఆసులో, మూడు రాజులో, అలా ఒకే ముక్క మూడు వచ్చేవి 52. ఒకే రంగులో వరసగా వచ్చేవి 48. అరుదైనది రెండోది. మనవాళ్లు మాత్రం మూడు ఒకే ముక్కల్నే నెత్తిన పెట్టుకుంటారు. క్లబ్బులో ఈ మాటన్నందుకు ఒక పెద్దమనిషి నాతో కాఫీ తాగడం మానేశారు.

సరే, కార్డు సంగతి. దాని మీదున్న వాక్యం ప్రకారం తప్పు చెయ్యకుండా ఆడితే, మొదటి పందెం మీద కాసినోకి మిగిలేది నూటికి 3.37. అసలు ముక్కలే చూసుకోకుండా ప్రతిసారీ రెండో పందెం పెట్టేస్తే 7.65. గమనించారా, గుండాటకి ఇంచుమించు సమానం! గుడ్డిగా ఆడేవాడికి గోవాలో అయినా మన టెంట్లో అయినా ఒకటే ధర అన్నమాట. మావాడు ఆ ధరని సగానికి పైగా తగ్గించుకున్నాడు. అక్కడితో కాలమ్ ముగించేసి, బళ్లో సంభావ్యత పాఠం గుండాట బోర్డు మీద చెప్పాలన్న నా పాత డిమాండు మళ్లీ ఒకసారి పెట్టేద్దామనే కూర్చున్నాను.

కూర్చుంటే మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. నెలకోసారైనా ఆయన రాకపోతే ఈ కాలమ్‌కి బెంగ. నలోపాఖ్యానం చెప్పేటప్పుడు ఆయన దమయంతి స్వయంవరాన్ని రెండు ముక్కల్లో తేల్చేసేవారు. హంస దూత్యం కూడా అంతే. ఋతుపర్ణుడి రథం దగ్గరికొచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడేవారు. నలుడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకుని, రూపం మారి, బాహుకుడన్న పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర రథసారథిగా ఉన్నాడు. దమయంతికి రెండో స్వయంవరమని కబురొస్తే రాజుని ఎక్కించుకుని విదర్భకి బయల్దేరాడు. దారిలో రాజుగారి ఉత్తరీయం జారి పడింది. ఆపమంటే, అది ఎప్పుడో వెనకపడిపోయింది, యోజనం దాటేశాం అన్నాడు బాహుకుడు. గుర్రాల మీద అతనికి అంత పట్టు. రాజుకి ఉక్రోషం వచ్చి తన విద్య చూపించాడు. ఎదురుగా ఉన్న తాండ్రచెట్టుని చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేశాడు. సంస్కృత భారతంలో రెండు కొమ్మలకి కాయలు 2,095. బాహుకుడు నమ్మలేదు. రథం ఆపాడు, చెట్టు నరికాడు, కాయలు లెక్కపెట్టాడు. సరిపోయాయి!

అక్కడ మాస్టారు బల్ల మీద చెయ్యి చరిచేవారు. "చూశార్రా, నమ్మకపోతే ఏం చెయ్యాలో? చెట్టు నరికి లెక్కపెట్టాలి!" అనేవారు. ఆకుల్ని ఒక్క చూపులో లెక్కించే ఋతుపర్ణుడి కంటే, అనుమానం వచ్చి కాయలు లెక్కపెట్టిన బాహుకుడే ఆయన హీరో. రాజు పాచికల రహస్యమైన తన అక్షహృదయం ఇచ్చి, గుర్రాల రహస్యమైన నలుడి అశ్వహృదయం పుచ్చుకున్నాడు. నలుడిలో దూరి జూదం ఆడించిన కలి బయటికి పోయాడు. నన్నయగారు ఈ కథని తెలుగు చేసింది మన రాజమండ్రిలో, రాజరాజనరేంద్రుడి కొలువులో. సంభావ్యత చరిత్ర రాసిన ఇయాన్ హ్యాకింగ్ అనే ఆయన 1975లో వచ్చిన తన పుస్తకంలో ఈ చెట్టు కథని ప్రస్తావించాడని తర్వాతెప్పుడో తెలిసింది. మాస్టారికి చెబుదామంటే అప్పటికి ఆయన లేరు.

లెక్క తెలిస్తే కలి వదుల్తాడు, అంటే జూదం పిచ్చి వదుల్తుంది. నేను ఇన్నేళ్లుగా పండగ పండగకీ పాడే పాట ఇక్కడిదే. కానీ మాస్టారు గంట కొట్టేస్తారన్న తొందరలో అక్కడే ఆపేసేవారు. కథ అక్కడ ఆగదు. అక్షహృదయం చేతికొచ్చాక నలుడు చేసిందేమిటి? భార్యని కలుసుకుని, సొంత ఊరెళ్లి, పుష్కరుణ్ని పిలిచి మళ్లీ పాచికల ముందు కూర్చున్నాడు.

మావాణ్ని కూర్చోబెట్టి అడిగాను. "ఏరా, ఎంతసేపు ఆడావు?"

"తెల్లారేదాకా మావయ్యా. మావాళ్లందరూ రాత్రి పదింటికే ఖాళీ అయిపోయి బఫేకి పోయారు. వాళ్లకి కార్డు లేదుగా."

"ఎంతొచ్చింది?"

"పదకొండు వేలు లాభం. అంతా ఈ కార్డు చలవే."

కాయితం తీశాను. పందెం వెయ్యి, రాత్రంతా కలిపి రెండొందల ఆటలు అనుకుందాం. 3.37 చొప్పున వాడు కాసినోకి కట్టాల్సిన సగటు అద్దె 6,740 రూపాయలు. అదృష్టం అటూ ఇటూ ఊగడం ఇరవై మూడు వేల దాకా మామూలే. అందుకే పదకొండు వేలు రావడం వింత కాదు, పోయినా వింత కాదు. మరి ఇందులో కార్డు వాటా ఎంత? కార్డు లేని తెలివిగలవాడు ఒకడున్నాడనుకోండి. డీలర్‌కి రాణి కావాలి కదా, నాకూ రాణి ఉంటేనే ఆడతాను అనుకుంటాడు. ఎవరికైనా తట్టే ఊహే. వాడికి పోయేది నూటికి 3.45. అంటే లామినేషన్ చేయించిన ఆ ఆరూ నాలుగూ రాత్రంతా కష్టపడి సంపాదించి పెట్టింది నూట అరవై రూపాయలు. తెల్లారేదాకా కూర్చోబెట్టింది మాత్రం అవే.

గుండాట దగ్గర ఐదొందలు పోగొట్టుకున్నవాడు బోర్డువాణ్ని తిట్టి, ఎదురుగా జీళ్లు కొనుక్కుని ఇంటికి పోతాడు. తను ఆడింది జూదమని వాడికి తెలుసు. లెక్క తెలిసినవాడు లేవడు. లెక్క తెలుసు కాబట్టే లేవడు.

ఇది నైపుణ్యం కిందికి వస్తుందా రాదా అన్నది మన రాష్ట్రంలో పాత తగువే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో, మన రాష్ట్ర ప్రభుత్వమే కక్షిదారుగా, 1967లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట, ఫ్లష్, బ్రాగ్ అని పిలిచే మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టమే. ఆ బ్రాగ్ ఇంగ్లిషువాళ్లది. దాన్నే సాపు చేసి త్రీ కార్డ్ పోకర్‌గా 1994లో తయారుచేసినవాడు డెరెక్ వెబ్ అనే ఆయన. చిత్రమేమిటంటే, బెట్టింగు దుకాణాల్లోని మెషీన్ల మీద గరిష్ఠ పందెం తగ్గించాలని బ్రిటన్‌లో సొంత డబ్బు పెట్టి ఉద్యమం నడిపిన వాళ్లలో ఈయన ముఖ్యుడు. 2019లో ఆ పందెం వంద పౌన్ల నుంచి రెండు పౌన్లకి దిగింది. మన దగ్గర 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీనీ పోకర్‌నీ నేర్పు ఉందా లేదా అని చూడకుండా నిషేధించింది; 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ అదే పని చేసింది. గోవాలో మాండవి నది మీద పడవలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. అక్కడా 2020 నుంచి గోవా వాళ్లని ఆడనివ్వరు. మనవాళ్లు రావచ్చు.

నాకు కోర్టువారి మూడు ముక్కలాట మీద చిన్న పేచీ ఉంది. మన పెద్దలు చాప మీద ఆడే దాంట్లో ముక్కలు అదృష్టమే కావచ్చు, ఎదుటివాడి మొహం చదవడం కాదు. చెత్త ముక్కలు పెట్టుకుని ఇంకో వంద పెంచి, పెద్ద ముక్కలున్నవాణ్ని లేపేసే మనిషిని నేను చూశాను. డీలర్‌ని అలా లేపలేరు. డీలర్‌కి భయం లేదు, ఆశ లేదు, రాణి ఉందా లేదా అన్న రూలు తప్ప నిర్ణయమే లేదు. నలుడికి ఎదురుగా పుష్కరుడున్నాడు. దమయంతిని కూడా గెలుచుకోవచ్చని కక్కుర్తిపడి, ఉన్నదంతా ఒడ్డాడు. ఒక్క పందెంలో పోగొట్టుకున్నాడు. మావాడి బల్లకి అవతల పుష్కరుడు లేడు. ఎంత అక్షహృదయం నేర్చినా అక్కడ గెలవడానికి మనిషే లేడు, అద్దె తగ్గించుకోవచ్చంతే.

ఇవన్నీ చెబితే మావాడు శ్రద్ధగానే విన్నాడు. వచ్చే నెల మళ్లీ గోవా అట. అదే బల్ల మీద జత, ఆపైన వస్తే డబ్బులిచ్చే పెయిర్ ప్లస్ అనే పక్క పందెం ఉంటుంది, దాని సంగతేమిటని అడిగాడు. ఒకే రంగు ముక్కలు మూడు పడితే, అంటే ఫ్లష్‌కి, నాలుగిస్తున్నారో మూడిస్తున్నారో బోర్డు చూసి కూర్చోమన్నాను. ఫ్లష్‌లు 22,100లో 1,096. ఒక్క అంకె తగ్గితే 2.32 ఉన్న ధర 7.28 అయిపోతుంది.

"ఆపమనాల్సింది పోయి అదా మీరు చెప్పేది?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

వాడు అప్పటికే ఫోన్‌లో రాసుకుంటున్నాడు. "రెండు పందేలూ కలిపి కాస్తే ఎంత పడుతుంది మావయ్యా?" అన్నాడు.

చెప్పాను.