మంచు దిగితే రాయే దిక్కు

డార్ట్‌మూర్ రాతి శిలువల్ని ఎండకాసే రోజున చూడ్డం దండగ. నైరుతి ఇంగ్లండ్‌లో, డెవన్ కౌంటీ నడుమ పరుచుకున్న మెరక బీడు అది. చెట్లు అరుదు, గడ్డి, పొదలు, ఏమరితే ఊబి. ఎండలో కొండకొమ్ములన్నీ కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి శిలువ ఫోటోకి తప్ప దేనికీ పనికిరాదు. పొగమంచు కమ్మాలి. ఎటు పోవాలో తోచక నిలబడ్డప్పుడు ఎదురుగా నిటారుగా ఓ రాయి తేలాలి. దాన్ని ఎందుకు పాతారో నాకు తెలిసొచ్చింది అలాంటి పూటే.

మధ్యయుగంలో బక్‌ఫాస్ట్, బక్‌లాండ్, టావిస్టాక్ మఠాలు ఈ బీడు అంచుల్లో ఉండేవి. వాటి మధ్య అడ్డదారి బీడు మీదుగానే. అలాగని దారి గుర్తుగా ఈ శిలువలన్నీ సన్యాసులే పాతారనుకోనక్కర్లేదు, కొన్ని పొలిమేర గుర్తులు కూడా. ప్రిన్స్‌టౌన్ దగ్గరి సివర్డ్ శిలువ పేరు, రాజుగారి వేట అడవికి హద్దులు రాసిన 1240 నాటికే పత్రాల్లో ఉంది. మనిషిని మించిన ఎత్తు, ఏడడుగుల పైమాటే. 1846లో పడి విరిగితే, రెండేళ్లకు ఇనుప పట్టీలు వేసి అతికారు. ఆ పట్టీలు ఇప్పటికీ కనిపిస్తాయి.

పనితనం కోసం వెతికితే నిరాశే. ఇక్కడి గ్రానైట్ గరుకు, పెద్ద పలుకు. సన్నని చెక్కడానికి లొంగదు. చేతులు పొట్టిగా, మొండిగా ఉంటాయి. కొన్నిటిని శిలువ అనడానికి కాస్త ఉదారబుద్ధి కావాలి. అసలు నేర్పంతా చోటు ఎంచుకోవడంలో ఉంది: వాగు దాటే రేవు, దారి గట్టెక్కే మలుపు. బాటసారి తడబడేది సరిగ్గా అక్కడే మరి.

1539లో మఠాలు మూతపడ్డాక వీటికి గడ్డుకాలం. చేతులు విరిగినవి కొన్ని, దొడ్డి గేట్లకు స్తంభాలైనవి కొన్ని. గేటు స్తంభమైనందుకు నేను బాధపడను. పనికొచ్చిన రాయిని రైతు పగలగొట్టడు. బెనెట్ శిలువ మీదైతే కుందేళ్ల పెంపకం హద్దు తెలిపే అక్షరాలు ‘డబ్ల్యూ, బి’ చెక్కారు. ఊరి పశువులు వీపు గోక్కోవడానికీ ఈ రాళ్లే. అందుకే వాటి మొదళ్ల దగ్గర నేల గుంతపడి నీళ్లు నిలుస్తాయి.

నన్నడిగితే తర్వాతి కాలంవాళ్లే గడుసువాళ్లు. టావిస్టాక్, ఆష్‌బర్టన్ ఊళ్ల మధ్య వరసగా రాళ్లు పాతి, ఒక ముఖాన ‘టి’, రెండో ముఖాన ‘ఎ’ చెక్కారు. శిలువ దారి ఉందని చెబుతుందే తప్ప, ఏ ఊరు ఎటో చెప్పదు. ఈ రాయైతే చీకట్లో వేలితో తడిమినా చెబుతుంది.