అభ్యర్థనకు కొలబద్ద

అడుగుట అందరికిని తెలిసిన పనియే. అడిగిన తీరును కొలుచుట కష్టము. పెనిలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అను భాషాశాస్త్రజ్ఞులు 1978లో ఒక మర్యాదా సిద్ధాంతమును ప్రతిపాదించి, 1987లో గ్రంథముగా ప్రకటించిరి. అడుగువారికి వినువారికి గల దూరము, వారి అధికారములలోని హెచ్చుతగ్గులు, కోరికకున్న బరువు - ఈ మూడును కూడిన కొలది మాట సూటిదనము తగ్గునని వారి వాదము. ఇంగ్లీషు, మెక్సికోలోని సెల్టాల్, మన పొరుగునున్న తమిళము వారికి ఆధారములు.

ఈ మూడింటిని గుర్తించుట మేలే. చిక్కు కొలతలో వచ్చినది. బ్లూమ్-కుల్కా, హౌస్, కాస్పర్ 1989లో ప్రకటించిన పరిశోధన అభ్యర్థనలను 9 మెట్లుగా విభజించినది. "చేయుము" అను విధిరూపము అన్నిటికంటె సూటియైన మెట్టు; సూచనగా చెప్పుట చివరి మెట్టు. పిలుపును వేరుగా లెక్కింతురు. అరబ్బీ అభ్యర్థనలపై జరిగిన పరిశీలనలు పెక్కు ఈ పట్టికనే వాడినవి.

ఇందలి లోపము హైటెక్ సిటీలో ఒక్కపూట చెవియొగ్గిన తెలియును. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల వెలసిన కార్యాలయములలో ఒకే ఉద్యోగి స్నేహితునితో "ఫైలు పంపురా" అనును. పై అధికారిణితో "మేడమ్, ఫైలు పంపండి" అనును. టీ తెచ్చు పెద్దాయనతో "బాబాయ్, ఒక టీ ఇవ్వు" అనును. ప్రక్క బల్లవాడు "జర చూడన్నా" అనును. పట్టికలో ఈ నాలుగును ఒకే మెట్టు. తెలుగు చెవికి నాలుగు వేర్వేరు సంబంధములు. "అండి" క్రియలోనే ఇమిడియున్నది. "బాబాయ్" తీసివేసిన మిగులునది ఆజ్ఞ. అరబ్బీలోను "యా అఖీ", అనగా ఓ సోదరా, అని పిలిచి, "అల్లా యిఖల్లీక్", దేవుడు నిన్ను చల్లగా ఉంచుగాక, అని దీవించి సూటిగానే అడుగుదురు. తెలుగున డొంకతిరుగుడు తెగడ్తయే గాని పొగడ్త కాదు గదా!

బంధుత్వపు పిలుపు చనువునకు సాధనమని బ్రౌన్, లెవిన్సన్ గుర్తించిరి. మెట్ల పట్టిక దానిని ప్రక్కకు నెట్టినది. ఇది పండితుల తగవు మాత్రమే కాదు. "ఫైలు పంపండి" అను మాట ఇంగ్లీషు ఈమెయిలులో "సెండ్ ది ఫైల్" అయినపుడు "అండి" రాలిపోవును. దూరదేశపు క్లయింటు ఆ ఉద్యోగిని మొరటువానిగా తలచును. శిక్షణ తరగతులు వానికి "కుడ్ యూ ప్లీజ్" నేర్పుట అవసరమే. కాని వానికి మర్యాద తెలియదనుట అన్యాయము. తెలుగు అభ్యర్థనలను కొలువదలచినవారు పిలుపును, క్రియ చివరి ప్రత్యయమును మొదటి గడిలోనే వ్రాసికొనవలెను.