అంగుళానికి ఆరడుగుల లిబరేటర్

లిబరేటర్ బాంబర్ ప్లాస్టిక్ కిట్టు కొంటే పెట్టె మూత మీద సాధారణంగా రెండు బొమ్మల్లో ఒకటి కనిపిస్తుంది. ఒకటి అమెరికా నక్షత్రంతో యూరప్ మీద ఫిరంగి పొగల్లోంచి దూసుకుపోయే విమానం. రెండోది బ్రిటిష్ వలయాలతో అట్లాంటిక్ మీద జలాంతర్గాముల్ని వేటాడే విమానం. యుద్ధం ముగిశాక ఈ విమానాన్ని ఇరవై ఏళ్లు నడిపిన దేశం ఇంకొకటుందని ఆ మూతలు చూస్తే తెలియదు. ఆ దేశం మనదే. 1948 నుంచి 1968 దాకా భారత వైమానిక దళంలో లిబరేటర్లు ఎగిరాయి. అందుకే నా మట్టుకు నాకు, మనవాళ్లెవరైనా భారీ బాంబర్ మోడల్ కడతానంటే లంకాస్టర్, ఫ్లయింగ్ ఫోర్ట్రెస్‌ల కంటే ముందు లిబరేటర్ పేరే నోటికొస్తుంది. దాన్ని కూడా పెట్టెలో ఉన్నది ఉన్నట్టు కాకుండా మన రంగుల్లో కట్టాలి.

ముందు కొలత సంగతి. విమానాల మోడళ్లలో బాగా చలామణీలో ఉన్న కొలత 1/72, అంటే అసలులో ఆరడుగులు మోడల్‌లో ఒక అంగుళం. ఆరడుగుల పైలట్ అంగుళం మనిషి అవుతాడు. 1930లలో ఇంగ్లండులో స్కైబర్డ్స్ చెక్క కిట్లతో ఈ లెక్క స్థిరపడింది. యుద్ధం వచ్చాక ఇది ఆట స్థాయి దాటింది. ఆకాశంలో కనిపించే నల్లటి ఆకారం మనదా, శత్రువుదా అని క్షణంలో తేల్చుకోవడానికి సైనికులకు బొమ్మ విమానాలు కావలసి వచ్చాయి. 1942లో అమెరికా నౌకాదళం 5 లక్షల మోడళ్లు చెక్కి ఇమ్మని బడిపిల్లలను అడిగింది. అవీ 1/72 కొలతలోనే. అచ్చుపోసిన ప్లాస్టిక్ యుగం ఆ తర్వాత మొదలైంది. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1952లో గోల్డెన్ హైండ్ ఓడ కిట్టును వుల్‌వర్త్స్ దుకాణాల్లో చవకగా అమ్మింది. అదే కంపెనీ 1963లో 1/72 లిబరేటర్ తెచ్చింది. మోనోగ్రామ్ ఇంకా పెద్దదిగా 1/48లో చేసింది. 2000 తర్వాత వచ్చిన జపాన్ కంపెనీ హసెగావా కిట్టు 1/72లో వాటన్నిటికంటే నాజూకైనది.

లిబరేటర్ రెక్కల వెడల్పు 110 అడుగులు, అంటే 33.5 మీటర్లు. 1/72లో అది దాదాపు 47 సెంటీమీటర్లు, 1/48లో 70, 1/32లో మీటరు దాటుతుంది. కిట్టు కొనేముందు ఇంట్లో అల్మరా అర లోతు కొలుచుకోవడం మంచిది. ఇక్కడ కట్టే ముచ్చట కంటే పెట్టే చోటే పెద్ద సమస్య. కాబట్టి నా ఓటు 1/72కే.

ఒంటి ఇంజను యుద్ధవిమానం కట్టిన అలవాటుతో బాంబర్ మొదలుపెట్టినవాళ్లకు త్వరలోనే ఓపిక పరీక్ష ఎదురవుతుంది. ఇంజన్లు నాలుగు. ఒక్కో ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్‌కు రెండు వరసల్లో 14 సిలిండర్లు. ప్రొపెల్లర్ రెక్కలు మొత్తం 12. చేసిన పనే నాలుగేసి సార్లు చేయాలి. నాలుగోది కూడా మొదటిదాని అంత శుభ్రంగా రావాలి. భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని వస్తాయి. ఈ చట్రాన్ని స్ప్రూ అంటారు. భాగాన్ని చేత్తో విరవకూడదు. నిప్పర్‌తో కాస్త ఎడంగా కత్తిరించి, మిగిలిన ముక్కును ఆకురాయితో అరగదీయాలి. జిగురు వేసేముందు భాగాలను ఒకదానికొకటి ఆనించి చూసుకోవాలి. ఈ పని మీద గంట పెట్టినవాడికి తర్వాత లప్పం మీద మూడు గంటలు మిగులుతాయి.

లోపలి అలంకారం మీద మోడలర్లు రెండు ముఠాలు. కనిపించినా కనిపించకపోయినా ప్రతి స్విచ్చుకూ రంగు వేసేవాళ్లు కొందరు, పొట్ట మూశాక ఎవరు చూస్తారనేవాళ్లు కొందరు. లిబరేటర్ విషయంలో నేను రెండో పక్షమే. ముక్కు అద్దాలు, పైలట్ల గది, నడుము దగ్గర కిటికీలు, వీటిలోంచి కనిపించేంత మేర చేస్తే చాలు. ఒక్కచోట మాత్రం మినహాయింపు. బాంబుల అర మధ్యలో ముందు నుంచి వెనక్కి పోయే సన్నటి నడకదారి ఉంటుంది. అసలు విమానంలో దాని వెడల్పు సుమారు 9 అంగుళాలు, మోడల్‌లో 3 మిల్లీమీటర్ల చిల్లర. వేల అడుగుల ఎత్తున, గడ్డకట్టే చలిలో, బరువైన బట్టలతో సిబ్బంది దాని మీదే నడిచేవారు. దాని కింద ఉండే బాంబు తలుపులు షట్టర్ల తరహాలో పక్కలకు చుట్టుకుపోయే పలచటి రేకులు, మనిషి పడితే ఆగవు. చిమటాతో ఆ పట్టీని అతికిస్తున్నప్పుడు తెలిసే సంగతి పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అంతగా పట్టుబడదు. మోడల్ కట్టడం యంత్రాన్ని చదివే పద్ధతి అని నేననడం ఇందుకే.

బరువు దగ్గర లిబరేటర్ ఇంకో చిక్కు పెడుతుంది. ఆ కాలపు భారీ బాంబర్లలో చాలావాటికి తోక కింద చక్రం ఉండేది. దీనికి మాత్రం ముక్కు కింద ఉంది. మోడల్‌ను అలాగే వదిలేస్తే ముక్కు గాల్లోకి లేచి తోక మీద కూలబడుతుంది. ముందు భాగంలో బరువు పెట్టాలి, కానీ ముక్కంతా అద్దాలే. ముందు చక్రం గూటి పైన, పైలట్ల గది నేల కింద, ఇంజను గూళ్ల లోపల దొరికిన ఖాళీనల్లా వాడుకోవాలి. చేపల వలలకు కట్టే సీసం గుండ్లు దీనికి బాగా పనికొస్తాయి. అయితే వాటిని ఫెవికాల్‌తో అతికించవద్దు. ఆ తరహా తెల్ల జిగురుకూ సీసానికీ పడదు. ఏళ్ల మీద సీసం తెల్లగా పూసి ఉబ్బుతుంది, మోడల్ అతుకులను లోపలినుంచి పగలగొడుతుంది. ఎపాక్సీ వాడండి. రెండు సగాలూ మూసేముందు అన్నీ టేపుతో కట్టి, చక్రాల చోట ఆనించి, ముక్కు కిందికి వాలుతోందని రూఢి చేసుకోండి.

ప్లాస్టిక్ కిట్లకు వాడే సిమెంటు పేరుకే జిగురు. అది పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది, కరిగిన రెండు అంచులూ కలిసి ఒకటవుతాయి. పలచటి సిమెంటును కుంచె కొసతో అతుకు మీద తాకిస్తే చాలు, సందులోకి దానంతటదే పాకుతుంది. రాత్రంతా ఆరనిచ్చి, మిగిలిన గీతను లప్పంతో నింపి, వాటర్ పేపర్‌తో తడి పెట్టి రుద్దాలి. పాత కిట్లలో రేకుల అతుకు గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. రుద్దితే చెరిగిపోతాయి, సూదితో మళ్లీ గీసుకోవాలి. కొత్త కిట్లలో అవి లోపలికి చెక్కి ఉంటాయి. లిబరేటర్ రెక్క చాలా పొడవు, బాగా సన్నం. డేవిస్ అనే ఆయన రూపకల్పన అది. అంత దూరం వెళ్లడానికి ఆ రెక్కే ఒక ముఖ్య కారణం. మోడల్‌లో మాత్రం అది వాలిపోతే దాచడం కుదరదు. వెనక రెండు నిలువు తోకరెక్కలుంటాయి కాబట్టి వెనకనుంచి చూసే కంటికి వంకర వెంటనే దొరుకుతుంది. జిగురు ఆరేదాకా రెండు పక్కలా ఒకే ఎత్తున పుస్తకాలు పేర్చి రెక్కలను ఆనించి ఉంచాలి.

అద్దాల దగ్గర ఫెవిక్విక్ జోలికి పోవద్దు. దాని ఆవిరికి పారదర్శక ప్లాస్టిక్ పొగ పట్టినట్టు తెల్లబారుతుంది. ఇక్కడ ఫెవికాలే సరైనది, ఆరాక కనిపించదు. తుపాకీ గోపురాల చట్రాలకు టేపు సన్నగా కోసి అంటించి రంగు కొట్టడమంటే రెండు మూడు సాయంత్రాల పని. విసుగే, కానీ మోడల్ పరువు అక్కడే తేలిపోతుంది.

రంగు దగ్గరికొచ్చేసరికి చరిత్ర తెలియకపోతే ముందుకు కదలలేం. అమెరికా నుంచి లెండ్-లీజ్ అనే అరువు ఒప్పందం కింద తెచ్చుకున్న లిబరేటర్లను యుద్ధం అయిపోయాక బ్రిటిష్ వాళ్లు వాడుకోవడానికి లేదు. తిరిగి పంపడమో, పనికిరాకుండా చేయడమో జరగాలి. కాన్పూర్‌లో పోగేసినవాటిని మళ్లీ ఎగరకుండా పాడుచేసి వదిలేశారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, భారీ బాంబర్లు కొనుక్కునే స్తోమత లేని మన ప్రభుత్వం ఆ తుక్కు వైపు చూసింది. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ మనుషులు వెళ్లి, ఒకదాని భాగాలు ఇంకొకదానికి వేసి, ఎగిరే స్థితికి తెచ్చారు. ఆ సంస్థ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని కాన్పూర్ నుంచి బెంగళూరుకు నడిపాడు. అలా నలభైకి పైగా విమానాలు బతికాయి. 1948 నవంబరు 2న వాటితో 5వ స్క్వాడ్రన్ ఏర్పడింది. 1951లో పుణెలో 6వ స్క్వాడ్రన్‌కు సముద్ర గస్తీ కోసం ఇచ్చారు. 1957లో 5వ స్క్వాడ్రన్‌కు కాన్‌బెరా జెట్లు వచ్చాయి. 6వ స్క్వాడ్రన్‌లో మాత్రం 1968 చివరిదాకా లిబరేటర్లు ఎగిరాయి.

కిట్టు కట్టేవాడికి ఇందులో ఆచరణకు పనికొచ్చే పాఠం ఉంది. ఇవి అతుకుల విమానాలు, ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. ఏ గోపురం ఉంచారు, ఏది తీసేశారు అన్నది తోక నంబరుతో సహా ఒక ఫొటో ముందు పెట్టుకునే తేల్చుకోవాలి. పైపూత ఎక్కువగా అసలు లోహపు వెండి మెరుపు. దానికి ముందు నిగనిగలాడే నల్లరంగు పూసి, పూర్తిగా ఆరాక మెటాలిక్ లాకర్‌ను పలచగా కొట్టాలి. అక్కడక్కడా రేకులకు ఒక చాయ ఎక్కువ, ఒక చాయ తక్కువ ఇవ్వాలి. అతికించి బాగుచేసిన విమానం గనక ఈ తేడా అబద్ధమనిపించదు. మన కోస్తా జిల్లాల్లో వానాకాలం లాకర్ పనికి మంచిది కాదు, తేమకు పూత పాలిపోతుంది. కొట్టేటప్పుడు ఫ్యాను ఆపాలి, లేకపోతే నల్లపూత మీదే దుమ్మంతా చేరుతుంది.

తర్వాత డికాల్స్. కొత్తల్లో మన విమానాల మీద అశోకచక్రం గుర్తు ఉండేది. 1950 నుంచి మూడు రంగుల వలయం. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. తిరగేసి అంటించినవి నేను చూశాను, జాగ్రత్త. నీళ్లలో నానబెట్టి జార్చే ఈ బొమ్మలను గరుకు పూత మీద వేస్తే కింద గాలి చిక్కి మెరుస్తుంది, నున్నటి పూత మీదే వేయాలి. ఇంజను పొగ మరకలు చాలామంది రెక్క పైభాగాన వేస్తారు. లిబరేటర్‌లో ఇంజను పొగతో తిరిగే టర్బో యంత్రం ఇంజను గూటి అడుగున ఉంటుంది కాబట్టి పొగ రెక్క కిందిభాగాన్నే పాడుచేస్తుంది.

ఇంత ముద్దుగా కట్టుకునే ఈ వస్తువు చేసిన పని ఏమిటో కూడా మరవకూడదు. బెంగాల్ స్థావరాల నుంచి లిబరేటర్లు రంగూన్ మీద బాంబులు వేశాయి. కూలికీ కొలువుకీ తరతరాలుగా మనవాళ్లు ఓడెక్కి వెళ్లిన ‘రంగం’ అది. అంతకుముందు 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు వేసిన బాంబులను మన పెద్దవాళ్లు కథలుగా చెప్పారు. రంగం మీద పడినవాటి గురించి చెప్పినవాళ్లు తక్కువ. పొట్టలో బాంబులు అతికించేటప్పుడు ఇది గుర్తొస్తే మంచిదే. గస్తీ విమానంగా కడితే ఆ భాగాలు పెట్టెలోనే ఉండిపోతాయి.

1968 తర్వాత వీటికి ప్రపంచమంతా గిరాకీ వచ్చింది, ఎందుకంటే మిగతా దేశాలు తమవాటిని ఎప్పుడో కరిగించేశాయి. ఒకటి కెనడాలో ఒట్టావాకు, ఒకటి అమెరికాలో అరిజోనాకు వెళ్లాయి. ఇంకొకదాన్ని 1974లో బ్రిటన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళ) మ్యూజియానికి మనం బహూకరించాం. అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ ఎగిరించిన లిబరేటర్ (బి-24జె రకం) కూడా కాన్పూర్ తుక్కులోంచి లేచిందే. దానికి ‘ఆల్ అమెరికన్’ అని పేరు పెట్టి, అమెరికా రంగులు వేసి ఊరూరా తిప్పారు. సొంతదారు ఇష్టం, తప్పు పట్టలేం. కానీ దాన్ని అన్నేళ్లు ఎగిరించి కాపాడిన దళం రంగులు మోడల్ మీదైనా ఉండాలంటే ఆ పని మనమే చేయాలి.

అసలు లిబరేటర్‌ను చూడాలంటే ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఒకటుంది. అంతదూరం వెళ్లలేనివాళ్లు విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న టీయూ-142 విమానం చూడండి. లిబరేటర్లు, తర్వాత సూపర్ కాన్‌స్టెలేషన్ విమానాలు చేసిన సముద్ర గస్తీ పని 1976లో నౌకాదళానికి వెళ్లింది. 1988 నుంచి 2017 దాకా ఆ పనిలో ఉన్న విమానం ఇది. దాని కింద నిలబడి రివెట్ల వరసలు, చక్రాల గూళ్లు, రేకుల అతుకులు ఫొటోలు తీసుకోండి, మోడల్‌కు పనికొస్తాయి.

చివరగా ఒక మనవి. మీ తాతగారో పెదనాన్నగారో 5, 6 స్క్వాడ్రన్లలో పనిచేసి ఉంటే ఇంట్లో పాత ఆల్బమ్‌లు ఒకసారి తిరగేయండి. వెనక వెండి విమానం నిలబడి ఉన్న ఫొటో దొరికితే తోక నంబరు కనిపించేలా స్కాన్ చేసి, ఊరూ సంవత్సరమూ తెలిస్తే పక్కన రాసి భద్రపరచండి. ఆ విమానాన్ని కట్టాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి ఆధారం ఏ పెట్టెలోనూ దొరకదు.