పని నేర్పిన చెవి

ఖతర్‌లో ఉండే ప్రతి పరదేశి జేబులోనూ ఒక గుర్తింపు కార్డు ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, దేశం, వాటితో పాటు వృత్తి. మేస్త్రీ, డ్రైవరు, ఎలక్ట్రీషియను, అకౌంటెంటు. ఆ ఒక్క మాటతోనే ఇక్కడ మనిషికి జీతం, గది, మర్యాద అన్నీ తేలిపోతాయి. అల్ రయ్యాన్‌లో, అందులోనూ మనవాళ్లు సనయ్యా అని పిలిచే ఇండస్ట్రియల్ ఏరియా వైపు, జగిత్యాల నుంచో కోనసీమ నుంచో కడప నుంచో వచ్చిన కొత్తవాణ్ని ఊరి పేరు కంటే ముందు "ఏం పని అన్నా?" అని అడుగుతారు. కార్డులోని వృత్తి గడిలో పట్టని విద్యలు చాలా ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, సొంత చేతులతో ఆంప్లిఫయరు కట్టుకుని, స్పీకరు బాక్సు చేసుకుని, పాట ఎలా వినపడాలో తానే తేల్చుకునే విద్య. దాన్ని పెంచి పెద్దచేసిన వాళ్లలో చాలామంది పొట్టకూటికి వేరే పనులు చేసుకున్నవాళ్లే. ఆ పనులు చేతికి నేర్పిన ఒడుపే ఇందులో సగం శాస్త్రమని నా నమ్మకం.

మన ఊళ్లలో ఈ విద్య మైకుసెట్టుతో మొదలైంది. పెళ్లి పందిట్లో ఆహుజా ఆంప్లిఫయరు, వేపచెట్టుకు కట్టిన హారన్లు, తీగలు చుట్టుకుంటూ తిరిగే కుర్రాడు. 1970ల చివరి నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు సెలవులకు వస్తూ టేప్‌రికార్డర్లు మోసుకొచ్చారు. ఇంటింటికీ ఫోను లేని రోజులవి. ఉత్తరానికి బదులు క్యాసెట్లో మాట్లాడి పంపుకునేవారు. హెడ్డు మీద మురికి పేరుకుంటే ఆ గొంతు గుడ్డ కప్పినట్టు వినపడేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి దాన్ని మళ్లీ తేటగా పలికించడం చాలామందికి తొలిపాఠం. ఆ తర్వాత వచ్చింది 4440 బోర్డు. కారు స్టీరియోల కోసం సాన్యో కంపెనీ చేసిన చిన్న చిప్ అది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఆ బోర్డూ, ఒక ట్రాన్స్‌ఫార్మరూ కొనుక్కొచ్చి, మట్టికుండ మూతి మీద స్పీకరు బిగించి పాట విన్నవాళ్లు నా తరంలో ఊరూరా ఉన్నారు.

కుండ ఎందుకు? స్పీకరు అట్ట ముందుకు కదిలినప్పుడు ఎదుట గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక పలచబడుతుంది. తక్కువ స్థాయి శబ్దంలో ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుని ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. కుండ వెనక గాలిని బంధిస్తుంది కాబట్టి బేస్ బతుకుతుంది. ఇదే సూత్రాన్ని లెక్కకు తెచ్చి 1954లో అమెరికాలో ఏఆర్-1 అనే చిన్న మూసిన బాక్సు చేసినవాడు ఎడ్గర్ విల్చర్. ఆయన చదివింది కళాచరిత్ర. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు నేర్చుకుని, తర్వాత న్యూయార్క్‌లో దుకాణం పెట్టుకుని, విశ్వవిద్యాలయంలో ధ్వని గురించి పాఠం చెప్పాడు. అట్టను వెనక్కి లాగే పని గట్టి స్ప్రింగుకు బదులు బాక్సులో బంధించిన గాలికే అప్పగించాడు. అంతవరకూ లోతైన బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె కావాలనుకునేవారు. ఆయన బాక్సు పుస్తకాల అరలో పట్టింది.

చమురు, గ్యాసు దేశంలో కూర్చుని ఈ చరిత్ర చదివితే తప్పక ఆగిపోయే పేరు పాల్ క్లిప్ష్. 1904లో పుట్టిన ఈ ఇంజినీరు చిలీలో నైట్రేట్ గనుల రైల్వేలో విద్యుత్ ఇంజన్లు చూసుకున్నాడు. స్టాన్‌ఫర్డ్‌లో చదివి, టెక్సస్‌లో చమురు అన్వేషణలో భూభౌతిక శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. యుద్ధకాలంలో ఆర్కన్సాలో హోప్ అనే చిన్న ఊరికి సైన్యం పని మీద వెళ్లి, అక్కడే 1946లో స్పీకర్ల కంపెనీ పెట్టాడు. గది మూలలోని రెండు గోడలనే హారన్‌కు కొనసాగింపుగా వాడుకోవడం ఆయన ఆలోచన. గోడల్ని అడ్డంకిగా చూడకుండా పరికరంలో భాగం చేసుకున్నాడు. ఆ క్లిప్ష్‌హార్న్ నమూనా నేటికీ తయారవుతోంది. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ స్పీకర్ల కంపెనీ స్థాపించిన గిల్బర్ట్ బ్రిగ్స్ బట్టల వ్యాపారంలో ఉన్నవాడు. న్యూయార్క్‌లో ఆంప్లిఫయర్లు చేసిన సాల్ మారంట్జ్ బొమ్మలు వేసే డిజైనరు. బోస్ స్పీకర్లకు పేరిచ్చిన అమర్ బోస్ తండ్రి బెంగాల్ నుంచి వెళ్లిన విప్లవకారుడు. ఆ పిల్లాడు ఇంటి ఖర్చుల కోసం పదమూడేళ్ల వయసులోనే రేడియోలు బాగుచేశాడు.

వీళ్లందరిలో నాకు బాగా దగ్గరగా అనిపించేవాడు జీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్. జర్మనీ నుంచి 1961లో కాలిఫోర్నియా వెళ్లి, హ్యూలెట్ ప్యాకర్డ్‌లో దశాబ్దాల పాటు రేడియో తరంగాలను కొలిచే పరికరాలు రూపొందించాడు. స్పీకర్లు సాయంత్రాల పని. బేస్ పలికే వూఫరుకూ, పైస్థాయి పలికే ట్వీటరుకూ పాటను పంచే క్రాస్‌ఓవర్ దగ్గర అప్పటి లెక్కల్లో ఒక లోపం ఉండేది: రెండూ కలిసి పలికే చోట శబ్దం ఉబ్బడమో, ఒక పక్కకు ఒరగడమో జరిగేది. అదే ఆఫీసులో పనిచేసే రస్ రైలీతో కలిసి దాన్ని సరిచేసిన పద్ధతిని 1976లో ప్రచురించాడు. లింక్‌విట్జ్-రైలీ క్రాస్‌ఓవర్ లేని కచేరీ సౌండు సిస్టం ఇవాళ అరుదు. తరంగాల దశను కొలవడం అతని పగటి ఉద్యోగం. ఆ కొలత అలవాటే రాత్రి పనికి దారి చూపింది.

ఇప్పుడు అల్ రయ్యాన్‌కు వద్దాం. గదిలో ఆరుగురు, రెండంతస్తుల మంచాలు, కిటికీకి ఏసీ. ఇక్కడ సెట్టు కట్టాలంటే మొదటి శత్రువు హమ్, అంటే కరెంటు నుంచి స్పీకర్లోకి దూరే గొణుగుడు. ఖతర్ కరెంటు మన కరెంటులాగే 50 హెర్ట్జ్, కాబట్టి ఊరి నుంచి తెచ్చిన ట్రాన్స్‌ఫార్మరు పనిచేస్తుంది, దాని గొణుగుడూ వెంటవస్తుంది. ఈ విద్య మీద పుస్తకాలేవీ చదవకపోయినా గ్యాసు ప్లాంటులో పనిచేసే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియనుకు మందు తెలుసు. కంట్రోల్ రూముకు వెళ్లే సిగ్నల్ తీగ షీల్డును ఒక కొసనే ఎర్త్ చేయాలని అతనికి మొదటి నెలలోనే నేర్పుతారు. రెండు కొసలా కలిపితే ఎర్త్ ఒక ఉంగరంలా మారి, అందులో తిరిగే కరెంటు సిగ్నల్‌లో దూరుతుంది. ఆంప్లిఫయరులోనూ అంతే. పవర్ సప్లయ్ కెపాసిటర్లు, స్పీకరు తిరుగు తీగ, ఇన్‌పుట్ గ్రౌండు అన్నీ ఒక్క బిందువు దగ్గర కలవాలి. ఈసీజీ గీతలో 50 హెర్ట్జ్ వణుకుతో పోరాడే ఆసుపత్రి బయోమెడికల్ టెక్నీషియనుదీ ఇదే విద్య. ఒక్కమాట గట్టిగా చెప్పాలి: హమ్ పోతుంది కదా అని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లోహపు డబ్బా ఎర్త్‌కు కలిసి తీరాలి.

బాక్సు విషయానికొస్తే, ప్లైవుడ్ ముక్కలు ఈ ప్రాంతపు వడ్రంగి షాపుల్లో దొరుకుతాయి, పాత స్పీకర్లు దోహాలోని సూఖ్ అల్ హరాజ్ పాతసామాను సంతలో దొరుకుతాయి. దొరకనిది వాటి వివరాల కాగితం. పేరు చెరిగిన వూఫరుకు ఎంత బాక్సు కావాలి? ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ ఇచ్చిన లెక్కలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఫోనులో టోను వేసి ఆంప్లిఫయరుకు ఇచ్చి, ఒక కిలో ఓమ్ రెసిస్టరు గుండా స్పీకరుకు పంపాలి. స్పీకరు కొసల దగ్గర మల్టీమీటరు పెట్టి టోనును మెల్లగా పెంచుతూ పోతే, ఒకచోట వోల్టేజి శిఖరానికి చేరి దిగుతుంది. అదే ఆ స్పీకరు సహజ స్వరం. అట్ట మీద బరువు తెలిసిన నాణేలు అంటించి మళ్లీ కొలిస్తే స్వరం ఎంత దిగిందో తెలుస్తుంది, దాని నుంచి బాక్సు లోపలి కొలత లెక్కకు వస్తుంది. చవక మీటరుతో, ఓపికతో అయ్యే పని ఇది. డక్టులు కట్టే ఏసీ మనిషికి గ్లాసు ఊలు ఎక్కడ ఎంత నింపాలో చేతికి తెలుసు. గొట్టంలో శబ్దం చావాలంటే లోపలి గోడకు అదే కదా వేస్తాడు. గాలి కారే సందు అతని కంటికి ముందే పడుతుంది. మూసిన బాక్సుకు ఆ సందే చావు.

గదిని మాత్రం ఎవరూ మార్చలేరు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 3.4 మీటర్ల గదిలో 50 హెర్ట్జ్ దగ్గర ఒక అల రెండు గోడల మధ్య సరిగ్గా నిలబడిపోతుంది. గోడ పక్క మంచం మీద పడుకున్నవాడికి డప్పు చెవులు మూసినట్టు మోగితే, గది నడుమ నిలబడ్డవాడికి అదే డప్పు వినపడదు. దుప్పట్లు, పరుపులు పైస్థాయి శబ్దాన్ని మింగుతాయి గానీ ఈ అలను ఏమీ చేయలేవు. స్పీకరును అంగుళం అంగుళం జరిపి, వినే చోటు మార్చుకోవాల్సిందే. క్లిప్ష్ మూలను ఎందుకంత ప్రేమించాడో ఇలాంటి గదిలోనే అర్థమవుతుంది.

వినడం కూడా నేర్చుకోవాల్సిన పనే. రెండు ఆంప్లిఫయర్లు పోల్చేటప్పుడు కొంచెం గట్టిగా పలికేదే మంచిదనిపిస్తుంది. చెవి స్వభావం అది. అందుకే ముందు మీటరుతో రెండిటినీ ఒకే మట్టానికి తేవాలి. తర్వాత పుట్టుక నుంచీ తెలిసిన గొంతుతో చూడాలి. ఘంటసాల పద్యం రాగం తీస్తున్నప్పుడు ఛాతీలోంచి వచ్చే నిండుతనం ముక్కులోకి జారిపోతే క్రాస్‌ఓవర్ తప్పింది. సుశీల పాటలో "స" పలికినచోట ఈల వినిపిస్తే ట్వీటరు ఎక్కువైంది. తంబురా శ్రుతి వెనక నిలకడగా వినపడుతూ ఉండాలి. ఇంత నమ్మకమైన పరికరాలు మన ఇంట్లోనే ఉండగా పరాయి భాషల పరీక్ష రికార్డుల కోసం వెతకనక్కరలేదు.

ఈ విద్య కొందరికి కొత్త ఉద్యోగం ఇస్తుంది. 2022 ప్రపంచకప్ ఆడిన స్టేడియాల్లో మూడు అల్ రయ్యాన్ మునిసిపాలిటీలోనివే: ఖలీఫా, ఎడ్యుకేషన్ సిటీ, అహ్మద్ బిన్ అలీ. అలాంటి చోట్లా, హోటళ్లలోనూ, హాళ్లలోనూ సౌండు బిగించడానికి మనుషులు కావాలి. ఉగాదికీ బతుకమ్మకూ మనవాళ్ల సంఘాలకూ కావాలి. చేతిలో పనితనం ఉన్నవాడు అటు వెళ్తే సంతోషమే. వెళ్లకపోయినా లోటేమీ లేదు. 1947లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వాల్వు ఆంప్లిఫయరు నమూనా ప్రచురించి లోకమంతా కట్టుకునేలా చేసిన డి.టి.ఎన్. విలియమ్సన్, తర్వాత యంత్రపరికరాలను నడిపే నియంత్రణ వ్యవస్థల మీద పనిచేశాడు. దానివల్ల ఆ నమూనా విలువ తగ్గలేదు. చదువుకోవాలనుకునేవాళ్లకు ఎడ్యుకేషన్ సిటీలోనే ఖతర్ నేషనల్ లైబ్రరీ ఉంది. 2018లో అధికారికంగా ప్రారంభించారు. మెట్రో గ్రీన్ లైన్ దాని గుమ్మం దాకా వస్తుంది. శుక్రవారం నిద్రలో కొంత మిగుల్చుకుని అక్కడికి వెళ్లమని నేను అడిగినవాళ్లకల్లా చెబుతాను.

నన్ను బాధించేది ఒకటుంది. ఈ విద్యకు చేతులిచ్చే పనులే చెవులు తీసుకుంటున్నాయి. కంప్రెసరు పక్కన, కటింగ్ మెషీను దగ్గర, 85 డెసిబెల్స్ దాటిన చోట రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తే వినికిడి దెబ్బతినడం మొదలవుతుంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ తట్టుకునే సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే. ముందుగా పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే హల్లులు స్పష్టంగా తెలిసే చోటుకు దగ్గర్లో. మాట వినపడుతుంది, అర్థం కాదు. సైటులో ఇచ్చే చెవిబిరడాలు జేబులో పెట్టుకుని తిరిగే తమ్ముళ్లను చూస్తే మనసు ఒప్పదు. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, మరో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. పైపైన పెడితే సగం కూడా ఆపవు. మూసిన బాక్సు చేసిన విల్చర్ కూడా ఇలా దెబ్బతిన్న చెవుల గురించే ఆలోచించి, తన చివరి దశాబ్దాలను వినికిడి యంత్రాల మీద పెట్టాడు. తక్కువ శబ్దాన్ని పెంచుతూ ఎక్కువ శబ్దాన్ని అదుపులో ఉంచే పద్ధతిని 1973లో ప్రచురించి, పేటెంటు తీసుకోకుండా వదిలేశాడు.

సొంతూరు వెళ్లేటప్పుడు బాక్సులు వెంటరావు. విమానంలో 30 కిలోలే ఇచ్చే టికెట్టు మీద ప్లైవుడ్ ఎవరూ మోయరు. వూఫర్లను మాత్రం విప్పి, అయస్కాంతం కిందికి వచ్చేలా బట్టల మధ్య సర్దుకుంటారు. అట్ట మీద ఏమీ ఒత్తకుండా స్టీలు పళ్లెం మూతగా కట్టుకుంటే మేలు. బాక్సులు గదిలో తర్వాతి వాడికి మిగులుతాయి. కొలతల కాగితం మాత్రం మర్చిపోకూడదు: సహజ స్వరం, బాక్సు లోపలి లీటర్లు, క్రాస్‌ఓవర్ విలువలు, ఏ చెక్క ఎంత మందం. జగిత్యాలలో వడ్రంగికి ఆ కాగితం ఇచ్చి, బయటి కొలతల దగ్గర అతని ఇష్టానికి వదిలేసి, లోపలి లీటర్లు మాత్రం తగ్గనివ్వకుండా చూసుకుంటే చాలు.